నలభై ఎనిమిది చింతగింజలు

పెళ్లైన మర్నాడు మా అత్తవారింటి అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, నన్నూ మా ఆయన జగన్నాథన్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. కొత్త దంపతులు ఇత్తడి పాచికలతో దాయం ఆడడం అక్కడి మా తెలుగువాళ్ల ఇళ్లలో ఆనవాయితీ. పందెం నలభై ఎనిమిది చింతగింజలు. ఓడినవాళ్లు ఆ పూట గెలిచినవాళ్లకు ఆకు వేసి వడ్డించాలి. అరవదేశపు రాజపాళయంలో మగవాడు పెళ్లానికి వడ్డించడం ఇంకెప్పుడూ చూడలేరు కనుక వీధంతా అక్కడే ఉంది.

గింజలు నావైపు చేరుతున్నాయి. "ఇంక వడ్డించేది జగన్నాథనే దా!" అని ఎవరో అరవం కలిసిన తెలుగులో కేకేశారు. అప్పుడే, ఊరికి కొత్తగా వచ్చిన సబ్‌ఇన్‌స్పెక్టరు గుంపును తోసుకుని వచ్చాడు. వెనక కానిస్టేబులు రామలింగ. పాచికలు, గింజలు గుడ్డలో మూట కట్టుకుపోయారు. ఇల్లు మా అత్త బొమ్మక్క పేర ఉంది. జూదపుటిల్లు నడుపుతోందని ఆమె మీద కేసు పెట్టారు.

అత్తకు చదువు రాదు. కాగితాలు నేనే చదివి చెప్పాను.

"పాచికలు దొరికితే చాలునంట, జూదమే అని అనుకుంటారు. కాదని మనమే రుజువు చేయాల. తప్పు ఒప్పుకుంటే పది రూపాయలు కట్టి వచ్చేయొచ్చు. పాచికలు మాత్రం తిరిగి ఇవ్వరు, పాడు చేసేస్తారు."

చింతపండు ఒలుస్తున్న ఆమె చేయి ఆగింది. ఆ పాచికల మీది చుక్కలు ఐదు తరాల కోడళ్ల వేళ్లకు అరిగి నున్నబడ్డాయి.

సాయంత్రం ఆమె తమ్ముడు అళగిరి వచ్చాడు. "పది రూపాయలు పారేసి వచ్చేద్దాం అక్కా. నువ్వు కోర్టు మెట్లెక్కితే ఊరు ఏమంటాది?"

"చేయని తప్పుకు తల వంచితే ఏమంటాదో, అది చెప్పు ముందు."

"కాలేజీ కోడలు వచ్చింది, కోర్టును వెంట తెచ్చింది! అది చట్టం అక్కా. చెన్నపట్నంలో చేసినారు."

"ఆ చెన్నపట్నంలోనే గుర్రాల మీద పందెం కట్టేదానికి టిక్కెట్లు అమ్ముతారంట కదా. గుర్రానికి ఉండే మర్యాద నా కోడలికి లేదా?"

అళగిరి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

శ్రీవిల్లిపుత్తూరు కోర్టుకు అత్త వకీలు లేకుండానే వచ్చింది. మేజిస్ట్రేటు అరవం, తెలుగు రెండూ తెలిసిన మనిషి.

"తప్పు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను సామీ."

"జూదం కాదనేదానికి నీకు సాక్షి ఎవరు?"

సాక్షి బోనులో నిలబడ్డ రామలింగను అత్త చూపించింది.

"వాడు మా సాక్షి!" అని సబ్‌ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

"మీ సాక్షినే అడుగుతా," అంది అత్త. మేజిస్ట్రేటు సరేనని తల ఊపాడు. ఆమె రామలింగ వైపు తిరిగింది. "రామలింగా, నువ్వు తళవాయిపురం జక్కమ్మ కొడుకువి కదా? నీ పెండ్లి మరుసనాడు దాయం ఆడినావా, లేదా?"

రామలింగ తన అధికారి వైపు చూశాడు.

"ప్రమాణం చేసినావు నాయనా. ఆ పక్క చూడొద్దు, ఈ పక్క చూడు."

"ఆడినా."

"గెలిచింది ఎవరు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా ఇంటిది."

"వడ్డించినావా?"

"వడ్డించినా." కాస్త ఆగి, "రసం కూడా," అన్నాడు.

కోర్టు గొల్లున నవ్వింది. మేజిస్ట్రేటు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అయితే మీ ఇల్లు జూదపుటిల్లా రామలింగా?"

"కాదమ్మా."

కేసు కొట్టేశారు. అత్త కదల్లేదు. మూట తర్వాత వచ్చి తీసుకోమన్నాడు గుమాస్తా. ఆమె నేల మీద చతికిలబడింది. "ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా."

మూట తెచ్చి ఇచ్చారు. పాచికలు ఒడిలో పెట్టుకుని, గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నలభై ఏడే ఉండాయి. ఒకటి తక్కువ."

"చింతగింజే కదమ్మా!" అని విసుక్కున్నాడు సబ్‌ఇన్‌స్పెక్టరు.

"ఆ చింతగింజకే దా నన్ను కోర్టుకు ఈడ్చినావు. వెతుకు."

బల్ల కింద వంగి వెతికి తెచ్చింది రామలింగే.

ఆ మధ్యాహ్నమే అత్త అరుగు మీద మళ్లీ గళ్లు గీసింది. అళగిరి పరుగెత్తుకు వచ్చాడు. "లోపల ఆడుకోండి అక్కా, తలుపు మూసుకుని!"

"తలుపు మూస్తే దా జూదం," అంది అత్త. వీధిలోకి గొంతెత్తి, "రండే, అందరూ రండి! ఆట సగంలో నిలిచిపోయింది!" అని పిలిచింది.

జనం మొదటిరోజు కంటే ఎక్కువగా వచ్చారు. నేను పాచికలు అరచేతుల మధ్య దొర్లించి వేశాను. ఆఖరి గింజలు కూడా నావైపే వచ్చాయి. మా ఆయన లేచి, వీధంతా చూస్తుండగా, అరటాకు కోసుకురావడానికి దొడ్లోకి నడిచాడు.