సంఘం గంపలో బంగాళాదుంప

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక, దాని పలక మీదే. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే మీరే పెట్టుకుని చదవండి. రాతలో నాది నత్తనడక. మనవరాలు పక్కన కూర్చుని, "అమ్మమ్మా, ఇంకా ఆ ముక్కేనా" అంటూనే ఉంది.

మా కూరగాయల మార్కెట్‌లో నాది గుమ్మడికాయల కొట్టు. అందుకే అందరూ నన్ను గుమ్మడత్త అంటారు. కొట్టును చూసి కాదు, మనిషిని చూసే ఆ పేరు పెట్టారని మా మరిది వేళాకోళం. మా ఆయన పోయినప్పుడు నేను మంచం దిగలేదు. అన్ని రోజులూ నా కొట్టు తెరిచి నడిపింది మా వర్తకుల సంఘం. వంతులు వేసుకుని కూర్చుని అమ్మి, సాయంత్రం సంచీ తెచ్చి నా చేతిలో పెట్టేవారు. స్థలం వాళ్లు అద్దె పెంచబోతే అడ్డం నిలబడింది సంఘమే. తూకంలో మోసం చేసినవాణ్ణి నలుగురిలో నిలదీసిందీ సంఘమే. అలాంటి మనుషులకే నేను ఒకరోజు ఎదురు నిలబడాల్సి వచ్చింది.

వానలు పడుతున్న రోజులు. దగ్గర్లోని బడి వంటగదికి కూరలు మా దగ్గర నుంచే వెళ్తాయి. అక్కడ పచ్చి దోసకాయ ముక్కల మీద కొత్తిమీర చల్లి పిల్లలకు పెట్టారు. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. కొందరిని ఆసుపత్రిలో చేర్చారు. తెల్లవారేసరికి ప్రాణభయం లేదన్నారు కానీ, ఆరోగ్య అధికారి ఆ పూటే మార్కెట్‌కు వస్తున్నాడని కబురు వచ్చింది. తప్పు ఎక్కడుందో తేలకపోతే మార్కెట్ మొత్తానికి తాళం వేస్తారట.

సంఘం గది, సరుకు తూచే కాటా గది పైనున్న మేడ మీద. రేకుల మీద వాన మోత, గోడల వెంట ఖాళీ గోనెలు, చాలని కుర్చీలు. పెద్ద కుర్చీలో మా మరిది, సంఘం అధ్యక్షుడు. పక్కన దోసకాయల వ్యాపారి. ఆయన గొంతుకు అందరూ పెట్టిన పేరు మైకు. గది మధ్యలో ఆకుకూరల అమ్మాయి నిలబడి ఉంది. నెత్తిన గంపతో వీధులు తిరిగిన మనిషి. నిరుడే సంఘంలో చేరింది. మార్కెట్‌లో రెండు బారల చోటు దొరికిన రోజున పెళ్లికూతురిలా ముస్తాబై వచ్చి కూర్చుంది.

"కొత్తిమీర నీదేగా?" అన్నాడు మైకు.

"నాదే బాబాయ్. దోసకాయలు నీవేగా?"

"దోసకాయకి తొక్క ఉంటుంది. చెక్కేస్తారు."

"అవును, నీ తొక్క మందమే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి దింపారు. మా మరిది తలెత్తలేదు.

"గొడవ పడే టైము లేదు," అన్నాడు. "ఆయన వచ్చేసరికి మనం ఒక మాట చెప్పాలి. కొత్తిమీర అమ్మిన మనిషిని సంఘం నుంచి తీసేశాం, ఇక్కడ చోటు లేదు అని. అలా అంటే మిగతా అందరం బతుకుతాం."

"నేనో?" అంది ఆ అమ్మాయి.

అందరూ చూపులు గోనెల మీదికి తిప్పుకున్నారు.

నిజం చెప్పాలంటే, ఆ గదిలో తెలియనివాళ్లు ఎవరూ లేరు. మార్కెట్ వెనక సిమెంటు తొట్టి ఒకటుంది. ఆకులు, దోసకాయలు, ముల్లంగి, అన్నీ అందులోనే ముంచి తీస్తాం. నిగనిగలాడుతూ కనిపిస్తాయి. తొట్టి నుంచి నీళ్లు పోయే గొట్టం మురుగు కాలువలోకి తెరుచుకుంటుంది. గట్టి వాన పడితే కాలువ పొంగి, అదే గొట్టంలోంచి వెనక్కి ఎక్కుతుంది. రెండు రోజులు వాసన వస్తుంది. ముక్కు మూసుకుని ముంచేవాళ్లం. అందరం అంతే.

ఆ తొట్టిని సంఘం చేత పట్టుబట్టి కట్టించింది మా ఆయన. పంచె ఎగగట్టి మేస్త్రీలతో పాటు బురదలో దిగి కట్టించాడు. దాని మీద రాయి, రాయి మీద ఆయన పేరు. నేను అక్షరాలు కూడబలుక్కుని మొదటిసారి బయట చదివింది ఆ పేరే.

"గంపలు తెండి," అన్నాడు మా మరిది.

మాలో చదువురానివాళ్లు ఎక్కువ కాబట్టి సంఘంలో ఓటు ఇలా వేస్తాం. ఒక్కొక్కరికి చిన్న ఉల్లిపాయ ఒకటి, చిన్న బంగాళాదుంప ఒకటి ఇస్తారు. గోనెపట్టా కప్పిన గంపలు రెండు. తీసేయాలి అనుకుంటే ఉల్లిపాయ, ఉండనివ్వాలి అనుకుంటే బంగాళాదుంప మొదటి గంపలో పడాలి. మిగిలింది రెండో గంపలో. చెయ్యి పట్టా కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. పగ పెట్టుకుని మనిషిని వెళ్లగొట్టకుండా పాతవాళ్లు ఒక కట్టుబాటు కూడా పెట్టారు. మొదటి గంపలో ఒక్క దుంప పడినా ఆ మనిషిని తీసేయడానికి వీల్లేదు. ఎవరి మీద ఓటో ఆ మనిషికి మాత్రం ఓటు లేదు. ఓటయ్యాక గంపల్లో సరుకు మైకు ఇంటికి వెళ్తుంది. మీటింగు అంటే అందుకే ఆయనకు అంత హుషారు.

నా వంతు వచ్చింది. పట్టా కింద రెండు చేతులూ పెట్టాను. ఉల్లిపాయ నున్నగా, దుంప మట్టిగా తగిలాయి. దుంప పడితే, ఈ అమ్మాయి కాకపోతే ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్తుంది. పిల్లల్ని మంచాన పడేసిన తొట్టి ఎవరిదంటే రాయి మీద ఉన్న పేరు చదువుతారు. ఆ పేరును ఎత్తుకుని నేను ఇంత కాలం మార్కెట్‌లో తల పైకెత్తి నడిచాను. ఎదురుగా ఆ అమ్మాయి నా ముఖం కూడా చూడటం లేదు. నేను ఎటు వేస్తానో అడగాల్సిన పని కూడా లేదన్నట్టు కిటికీలోంచి కిందున్న తన చోటు చూసుకుంటోంది.

మొదటి గంపలో దుంప వదిలేశాను.

మా మరిది పట్టా తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. అన్నీ ఉల్లిపాయలే. వాటి మధ్య ఒక్క బంగాళాదుంప.

"ఎవరిది?" అన్నాడు మైకు.

"అడక్కూడదు," అన్నాడు మా మరిది. కానీ నా వైపే చూస్తున్నాడు. "ఎవరికైనా చెయ్యి జారిందేమో. మళ్లీ వేసుకుందాం."

నేను లేచాను.

"నాది. చెయ్యి జారలేదు."

"వదినా, కూర్చో."

"నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరేంటి అబ్బాయ్?"

"ఆ తొట్టి అన్నయ్యది," అన్నాడు గొంతు తగ్గించి. "అన్నయ్య పేరు పోతుంది."

"మీ అన్నయ్య పేరు ఆ పిల్ల నెత్తిన పెట్టి మొయ్యమంటావా?"

మైకు కుర్చీ వెనక్కి నెట్టాడు. "తొట్టి అంటే అన్ని కొట్లూ మూస్తారు గుమ్మడత్తా. నీదీ మూస్తారు."

"మూయనీ."

"నీకేం. గుమ్మడికాయలు నెలలు నిలవుంటాయి," అంది ఇంకో గొంతు. టమాటాల తాత. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "నా సరుకు పొద్దున్నే దిగింది. వారం ఆగుతుందా తల్లీ?"

ఆగదని నాకూ తెలుసు. అయినా కూర్చోలేదు.

కింద జీపు ఆగిన చప్పుడయింది. మా మరిది కండువా సర్దుకుని మెట్లు దిగాడు. వెనకే అందరం. మెట్ల కింద ఎడమకి తిరిగితే ఆకుకూరల వరస, కుడికి తిరిగితే తొట్టి. ఆ అమ్మాయి నా పక్కకు చేరి నా కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తనకు తెలిసి చేసింది కాదనుకుంటాను.

"కొత్తిమీర అమ్మింది ఎవరు?" అన్నాడు అధికారి గొడుగు మూస్తూ.

మా మరిది గొంతు సవరించుకున్నాడు. ఒకసారి మైకు వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"ఆ అమ్మాయి దగ్గరికీ తీసుకెళ్తాను సార్. ముందు నీళ్లు చూడండి," అన్నాడు, కుడికి తిరుగుతూ.

నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. మాకు తెలిసిన జవాబే వచ్చింది. మార్కెట్ చాలా రోజులు మూతబడింది. టమాటాలు కుళ్లి, బండ్లకెత్తి పారబోశారు. తొట్టిని పగలగొట్టారు, రాయితో సహా. ఆపమని నేను అనలేదు, కానీ చూడటానికి వెళ్లలేదు. కొత్త గొట్టం ఎత్తులో వేయించేదాకా నీళ్ల ఆఫీసు గుమ్మం వదలకుండా కూర్చున్నది మా సంఘమే. అందరికంటే గట్టిగా అరిచింది మైకు. ఆయన గొంతు ఆ రోజు పనికొచ్చింది.

ఆకుకూరల అమ్మాయి తన రెండు బారల చోట్లోనే ఉంది. మైకుతో రోజూ పోట్లాట. మా మరిది నాతో మాట్లాడతాడు కానీ, వేళాకోళం మానేశాడు. టమాటాల తాత నా కొట్టు ముందు నుంచి నడవడం మానేసి, చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. ఆయన్ని పిలవాలని నోటిదాకా వస్తుంది. పిలిచి ఏమనాలో తెలియక గుమ్మడికాయలు తుడుచుకుంటూ కూర్చుంటాను.

ఇట్లు,
గుమ్మడత్త, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, మార్కెట్ వెనక సందులో, మేడ మీద గదిలో.