ఇరవై ఐదుకి పంతొమ్మిది

అక్క పోయిన రోజు పొద్దున మా ఇంట్లో ముందుగా వినిపించిన మాట, "టీ ఎవరు పెడతారు?" అన్నది. అడిగింది అత్తయ్య. ఆవిడ తప్పుగా అడగలేదు. ఆస్పత్రి నుంచి ఫోను వచ్చి అరగంటైనా కాలేదు, అందరి గొంతులూ ఎండిపోయి ఉన్నాయి, ఇన్నేళ్లూ ఆ పని అక్కది. నేను లేచి పెట్టాను. ఆ పొద్దు మొదలు ఆ పొయ్యి నాదైంది.

అక్క అంటే నా తోటికోడలు, బావగారి భార్య. జ్వరం ఇంటిల్లిపాదికీ ఒకేసారి తగిలింది. వైరస్ వల్ల వచ్చిన న్యుమోనియా అన్నారు. ముందు బావగారికి స్కాన్ తీయించారు, మర్నాడు మా ఆయనకి. ఊపిరితిత్తులు రెండింటికీ కలిపి ఐదు భాగాలట. ఒక్కో భాగం ఎంత పాడైందో చూసి ఐదుకి ఇన్నని వేస్తారు. అన్నీ కూడితే ఇరవై ఐదుకి లెక్క. బావగారికి ఏడు వచ్చింది. ఆ ఏడుతో ఆయన మంచం దిగలేదు. ఆవిరి పట్టడానికి ఆయన గదిలోకి వేడినీళ్లు మోసింది అక్క. మెట్ల మధ్యలో గిన్నె కింద పెట్టి, గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, మళ్లీ మోసేది.

"అక్కకి కూడా తీయిద్దామండీ," అన్నాను మా ఆయనతో.

"వదినకేం? తిరుగుతూనే ఉందిగా. మంచాన పడ్డవాళ్ల సంగతి చూడు ముందు."

తిరిగేవాళ్లకి జబ్బు ఉండదన్నది మా ఇంటి వైద్యం. అక్కకి పడుకోవడం చేతకాదు.

పెదవులు నీలంగా మారాక నేనే తీసుకెళ్లాను. అద్దం అవతలి నుంచి స్కాన్ తీసే అమ్మాయి "గాలి పీల్చి బిగబట్టండమ్మా" అంటోంది. అక్క పీల్చేది, దగ్గొచ్చి వదిలేసేది. మూడోసారికి ఆ అమ్మాయి లోపలికి వచ్చి మంచినీళ్లిచ్చింది. అక్క నావైపు చూసి, "ఇంట్లో రోజూ బిగబట్టేదాన్నే కదే, ఇక్కడికొచ్చేసరికి చేతకాకుండా పోయింది," అని నవ్వింది. నవ్వు కూడా దగ్గులోకే పోయింది. తర్వాత నాకు తెరమీద చూపించారు. నల్లగా ఉండాల్సిన చోటల్లా ఆవిరి పట్టిన అద్దంలా తెల్లటి మసక. పంతొమ్మిది. సాయంత్రానికి ఆస్పత్రిలో మంచం ఖాళీ అవుతుంది, ఆలస్యం చేయకుండా వచ్చి చేరమన్నారు. బట్టల కోసం ఇంటికి వచ్చాం.

గుమ్మంలోనే అత్తయ్య అడిగింది. చెప్పాను.

"ఇరవై ఐదుకి పంతొమ్మిదా? పెద్దాడికి ఏడేగా వచ్చింది. అయితే దీనికి మేలే," అని ఆవిడ కుదుటపడింది. "చూశావా టీచరమ్మా, ఊరికే హడలగొట్టావు."

ఆ ఇంట్లోకి అలాంటి అంకెలు నేను దిద్దే పేపర్లతోనే వచ్చేవి. ఎక్కువ వస్తే సంతోషించాలనే ఆవిడకి తెలుసు. "కాదత్తయ్యా, ఇందులో సున్నా వస్తేనే మంచిది," అని నేను విడమరిచి చెప్పేలోపు అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి కుక్కర్ పొయ్యి మీద ఉంది. గట్టు పట్టుకుని నిలబడి, "రాత్రికి మీరంతా ఏం తింటారు చెల్లీ," అంది.

ఆ అన్నం మేం తిన్నాం. అక్క తిరిగి రాలేదు.

ఆ వారమే నాకూ తీశారు. తొమ్మిది. మూడు నెలలయ్యాక మళ్లీ తీయించుకుంటే ఆ మచ్చలు కరిగాయో, గట్టిపడి ఉండిపోయాయో తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇద్దరి పని ఒక్కదాని మీద పడింది. బడికి వెళ్లేముందు బావగారి క్యారేజీ, వచ్చాక అత్తయ్య కాళ్లకి తైలం, ఆ తర్వాత అంట్లు. "ఇవన్నీ వదిన ఎలా చేసేదో," అంటాడు మా ఆయన మెచ్చుకోలుగా. ఆవిడ చేస్తున్నప్పుడు అనలేదు.

క్లాసులో పాఠం చదువుతూ గాలి చాలక వాక్యం మధ్యలో ఆగుతున్నాను. మొన్న ఒక పాప లేచి అదే పేరా చదివింది. నేను ఆగిన చోటల్లా ఆగింది. ఎందుకమ్మా అంటే, "అక్కడ ఆగాలి కదా టీచర్," అంది. క్లాసంతా అలాగే చదువుతోంది. నా ఊపిరి ఎక్కడెక్కడ తెగుతుందో వాళ్లకి కంఠతా వచ్చేసింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ స్కాన్ మాట ఎత్తాను. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

"నీకేం? తిరుగుతూనే ఉన్నావుగా."

గ్లాసులో మంచినీళ్లు పోశాను.

ఈరోజు బడి నుంచే స్కాన్ సెంటరుకి ఫోను చేశాను. రేపు పదకొండింటికి రమ్మన్నారు. రోజూ ఈపాటికి మర్నాటి కూరలు తరిగి పెట్టేసేదాన్ని. అవి ఇంకా బుట్టలోనే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు.