డ్యూటీ దిగిన మనిషి

అత్తగారికి నిద్రపోవడమంటే నామోషీ. ఉద్యోగమంతా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన నర్సమ్మ మరి! రిటైరయ్యాక కూడా కుర్చీలో గురక పెడుతుంటే ఎవరైనా తట్టి లేపారో, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నానని దబాయిస్తుంది. అలాంటి మనిషి నోరు తెరుచుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి జారి, ఒళ్ళో సగం ఒలిచిన బఠాణీలతో నిద్రపోతుంటే కోడలు గుట్టుచప్పుడు కాకుండా ఫోటో తీసింది. అక్కడితో ఊరుకుందా? ఫోటోల పోటీకి పంపింది. ఎగ్జిబిషన్‌లో పెట్టాం, వచ్చి చూసుకోమని కబురొచ్చింది.

ఒక్కతే వెళ్ళొద్దామనుకుంది పాపం. బొమ్మలు చూడ్డానికి పక్క ఊరు వెళ్తున్నానని నోరు జారింది. అంతే, తెల్లారేసరికి అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో సిద్ధం.

ఎగ్జిబిషన్ హాల్లో కింద రంగుల బొమ్మలు, పై అంతస్తులో ఫోటోలు. అత్తగారిని కిందే ఆపడానికి కోడలు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. లేని మోకాళ్ళ నొప్పి గుర్తుచేసింది. చూసిన గుర్రం బొమ్మనే ముచ్చటగా మూడోసారి చూపించింది. ఆ గుర్రం మనల్ని గుర్తుపట్టేస్తోంది, ఇక పైకి పదమంటూ అత్తగారు చకచకా మెట్లెక్కేసింది.

పైన ఎదురుగోడ మీదే తలుపంత అత్తగారి ఫోటో. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఫోటో చూసింది. దాని కింద కోడలు పెట్టిన పేరు, 'డ్యూటీ దిగిన మనిషి', పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. అడక్కుండా తీశాను. మీరు వద్దంటే ఇప్పుడే తీయించేస్తాను."

"ఎంతమందిని నిద్రపుచ్చానో లెక్కే లేదే. నేను నిద్రపోతే ఎలా ఉంటానో ఇవాళే చూశాను," అంది అత్తగారు చూపు తిప్పకుండా. "బాగానే ఉన్నాను కదూ?"

కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గట్టిగా తల ఊపింది.

ఇక ఆవిణ్ణి పట్టడం ఎవరి తరం? వచ్చినవాళ్ళందరికీ అది తనేనని చెప్పింది. నమ్మనివాళ్ళకి కళ్ళు మూసి, నోరు తెరిచి చూపించింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాలన్న ఇంగితం లేకపోయిందని మధ్యలో కోడలికి చీవాట్లు పెట్టింది.

తిరుగు బస్సెక్కిన కాసేపటికే అత్తగారి తల కోడలి భుజం మీద వాలింది. గురక మొదలైంది. కోడలు మెల్లగా ఆ కళ్ళజోడు తీసి, మడిచి, తన సంచిలో పెట్టుకుంది. గురక ఆగింది.

"ఆలోచించడం లేదులే," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "నిద్రే పోతున్నాను. మన స్టాపొస్తే లేపు."