గడ్డిలో పెట్టిన పీచ్ పళ్ళు

మంగళవారం నా పాఠం సగంలోకి వచ్చేసరికి మా అత్తగారు దుర్గాంబగారికి పొయ్యి గుర్తొచ్చేది. "కామేశ్వరీ, పొయ్యి ఆరిపోతోంది" అని లోపల్నుంచి కేకేసేది. నేను పుస్తకం కింద పెట్టి పరుగెత్తేదాన్ని. తీరా చూస్తే పొయ్యి నిక్షేపంగా మండుతూ ఉండేది. బందరు గొడుగుపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మిషను దొరసాని నాకు ఇంగ్లీషు చెప్పేది. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి పరీక్షకు కూర్చోబెడతానని మాట కూడా ఇచ్చింది. నాకు ఆ పరీక్ష మీదే ప్రాణం. మా ఆయన కచేరీలో గుమాస్తా, ఇంట్లో నోరెత్తే మనిషి కాదు. తల్లి సరేనంటే ఆయనకూ సరే, వద్దంటే వద్దు.

పంతొమ్మిదివందల ముప్ఫై ఎనిమిది వేసవిలో దొరసాని చల్లదనానికని నీలగిరి కొండల్లో కూనూరు వెళ్ళి, తిరిగొస్తూ నాకో బుట్టెడు పీచ్ పళ్ళు తెచ్చింది. ఎరుపూ పసుపూ కలిసిన రంగు, తోలు మీద సన్నటి నూగు. అలాంటి పండు మా వీధిలో ఎవరూ చూసి ఎరగరు. వాళ్ళ దేశంలో వీటితో కాబ్లర్ అని ఒకటి చేస్తారట. ముక్కలు అడుగున పరిచి, పంచదార చల్లి, వెన్నా పాలూ పోసి కలిపిన గోధుమపిండి పైన ముద్దలు ముద్దలుగా వేసి, నిప్పుల సెగన కాల్చడమే. గుడ్డు పడదు కదా అని గుచ్చి గుచ్చి అడిగి మరీ తెలుసుకున్నాను.

ఆవిడ అటు వెళ్ళగానే అత్తగారు అరుగు కడిగించింది. మడీ ఏకాదశీ తెలియని మనిషి దగ్గర నువ్వు నేర్చుకునేదేమిటే అంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ చెప్పిన వంట మీ ఏకాదశికి భేషుగ్గా పనికొస్తుంది, అందులో బియ్యపు గింజన్నది లేదు అనేశాను. చిటికెడు ఉప్పు వేస్తారన్న సంగతి మాత్రం మింగేశాను. ఏకాదశినాడు అత్తగారు అన్నమూ ముట్టదు, ఉప్పూ ముట్టదు. ఆవిడ అక్కడికక్కడే పందెం వేసింది.

"అయితే ఈ ఏకాదశికి చేసి పెట్టు. నేను తినగలిగితే నీ చదువు సాగనీ. లేదా, ఆ దొరసాని మళ్ళీ మన గుమ్మం ఎక్కకూడదు."

నోరు జారాక ఒప్పుకోక చస్తానా!

ఏకాదశికి ఇంకా వ్యవధి ఉంది. పళ్ళు నొక్కి చూస్తే గట్టిగానే తగిలాయి. మా ఇంట్లో ఏ పండైనా అత్తగారి చేతి మీదుగా మాగవలసిందే. ఆవిడ బుట్టెడూ తీసుకెళ్ళి కొట్టుగదిలో మామిడికాయల పక్కన వరిగడ్డిలో పేర్చి, పైన గోనెపట్టా కప్పి, ఎవరూ కదపకూడదని చెప్పి తలుపు వేసింది. గడ్డిలో పెట్టనిదే పండుకు తీపి రాదని ఆవిడ నమ్మకం. నిజం చెప్పొద్దూ, నాదీ అదే నమ్మకం.

ఏకాదశి పొద్దున్న తడిచీరతో మడి కట్టుకుని వెళ్ళి గడ్డి తీశాను. పులిసిన వాసన గుప్పుమంది. పళ్ళన్నీ నల్లబడి, నీరు కారి, గడ్డికి అంటుకుపోయాయి. ఒక్కటంటే ఒక్కటి పనికిరాదు. అక్కడే కూలబడ్డాను. ఇక పుస్తకాలు మూసెయ్యడమేనని ఏడుపు తన్నుకొచ్చింది.

అత్తగారు వెనకే వచ్చి చూసింది. ఆవిడ ఒక్క మాటంటే పందెం అక్కడితో సరి. అనలేదు. వంగి, పక్క గడ్డిలోంచి తన ఫలహారానికని దాచుకున్న బంగినపల్లి పళ్ళు తీసి నా ముందు పెట్టింది. ఆ రోజంతటికీ ఆవిడకున్న తిండి అదే.

"నీ పళ్ళు నా చేతిలో పాడయ్యాయి. వీటితో చెయ్యి. చెడగొట్టావో, నాకు రేపటిదాకా మంచినీళ్ళే గతి" అంది.

ఇంట్లో విసిరిన గోధుమపిండిలో అప్పుడే తీసిన వెన్న కలిపాను. ఉప్పు ఊసెత్తలేదు. కళాయి గిన్నెలో మామిడి ముక్కలు పరిచి, పిండి ముద్దలు వేసి, కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు పెట్టాను. పచ్చిగా దిగితే కొంప మునుగుతుందని భయపడి, పైన ఇంకో రెండు అట్లకాడల నిప్పులు పోశాను. మూత తీసేసరికి పైన మాడింది.

అత్తగారు దేవుడికి చూపించి, ఆకు ముందు కూర్చుంది. మాడిన పెచ్చు ఊడదీసి పక్కన పెట్టింది. ఒక ముద్ద తింది. మొహం చూసి కనిపెడదామంటే ఏమీ తెలియనివ్వదు మహాతల్లి. ఆవిడ మెల్లగా అంతా తిని, ఆకు మడిచి, చేయి కడుక్కుంది.

"పైన మాడింది. ఈసారి నిప్పులు తగ్గించు" అంది.

ఈసారి అంది. నేను వంటింట్లోకి పోయి గిన్నె తోముతూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

మంగళవారం దొరసాని వచ్చింది. పళ్ళెలా ఉన్నాయని అడిగితే దివ్యంగా ఉన్నాయన్నాను, మరేం చెప్పను? పాఠం సగమైంది. అలవాటు కొద్దీ పుస్తకం కింద పెట్టి, కేక కోసం చూశాను. రాలేదు. వంటింట్లోంచి పొగ వచ్చింది. ఊదుగొట్టం చప్పుడూ, అత్తగారి దగ్గూ వినిపించాయి. ఈసారి పొయ్యి నిజంగానే ఆరిపోయింది. నేను లేవబోయాను.

"నువ్వు కూర్చో" అంది లోపల్నుంచి.