గేటు లోపలి నీళ్ళు

"బియ్యం కడిగిన నీళ్ళు పారబోశావా, దాచావా?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు మా అత్తగారు పుణ్యవతి గారు. దాచానన్నాను. లింగంపల్లిలో మా కాలనీకి రోజు విడిచి రోజు పొద్దున్నే అయిదున్నరకి కుళాయి వస్తుంది. నలభై నిమిషాల్లో రెండు డ్రమ్ములు, ఆరు బిందెలు, స్నానాలగదిలో తొట్టి నింపాలి. ఆ మధ్యలోనే పాలు పొంగకుండా చూడాలి, పాప డబ్బాలోకి కూర తాలింపు వేయాలి. బిందెల చప్పుడుకి నిద్ర పాడైందని మావారు వెంకటనారాయణ గారు అటు తిరిగి పడుకుంటారు. ఆయనది గవర్నమెంటు ఉద్యోగం, పదింటికి వెళ్ళినా చాలు. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం, "నీళ్ళ విషయంలో మా ఆవిడ పొదుపు చూసి నేర్చుకోవాలి" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పులో నా నడుం నొప్పి ఉండదు.

నా పేరు బాలాత్రిపురసుందరి. గచ్చిబౌలి దాటాక నానక్‌రామ్‌గూడ పక్కన కొత్తగా కట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేదాన్ని. 1999 మాట ఇది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని ప్రపంచమంతా హడావుడి పడుతున్న రోజులు. పాత ప్రోగ్రాముల్లో ఆ తేదీలు సరిచేసే పని మొదట్లో నాది. పాప పుట్టాక ఆరింటి బస్సుకి వెళ్ళిపోతున్నానని నన్ను టెస్టింగ్‌కి మార్చారు, అక్కణ్ణుంచి క్వాలిటీకి. ప్రతిసారీ నా మంచికేనని చెప్పారు.

ఆ ఫిబ్రవరిలో స్వీడన్ క్లయింటు నుంచి ఉత్తరం వచ్చింది. తమకి పని చేసే కంపెనీలన్నీ పర్యావరణాన్ని కాపాడటం వ్యాపారంలో భాగంగానే చూడాలనీ, ఏడాదిలోగా దానికి సర్టిఫికెట్ తెచ్చుకోవాలనీ దాని సారాంశం. మీటింగులో ఎనిమిది మంది మగవాళ్ళు, మినిట్స్ రాసుకోవడానికి నేను. "లైట్లు ఆర్పడం, నీళ్ళు ఆదా చెయ్యడం, చెత్త విడదీయడం. ఇదంతా లేడీస్ డిపార్ట్‌మెంటే కదా సార్" అన్నాడు రోహిత్. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, అప్పటికే ప్రాజెక్టు మేనేజరు. అందరూ నవ్వారు. అడ్మినిస్ట్రేషన్ చూసే సీతారామయ్య గారు మాత్రం నవ్వలేదు. ఆయన పెద్దాయన, ఏదో ఫ్యాక్టరీలో రిటైరై వచ్చారు. "మా బాల చూసుకుంటుంది. ఇంట్లో ఎలాగూ చేసే పనేగా" అన్నారు ఆప్యాయంగా. పాత పని పాత పనిలాగే ఉంది. ఇది దాని మీద వచ్చి పడింది.

ఆ పని నాకు నచ్చుతుందని నేను అనుకోలేదు. కంపెనీని ఒక పెద్ద ఇల్లులా చూడటం మొదలుపెట్టాను. జనరేటర్లు ఎంత డీజిల్ తాగుతున్నాయి, ఏసీల్లో వాడే గ్యాసు ఎక్కడికి పోతోంది, పాడైన మానిటర్లు ఎవరు పట్టుకెళ్తున్నారు, ఎవరూ అడగని ప్రశ్నలు అడుగుతూ తిరిగాను. కాగితానికి రెండువైపులా ప్రింటు తీయించాను. పేపర్ కప్పులు మాన్పించి స్టీలు గ్లాసులు పెట్టించాను. డ్రైవర్లు పైపు పెట్టి కార్లు కడిగి, డ్రమ్ముల్లో నీళ్ళు పట్టుకెళ్తున్నారని తెలిసి, ఆవరణలోని నీళ్ళు గేటు దాటకూడదని రూలు రాశాను. ఎంత బాగా రాశావమ్మా అన్నారు సీతారామయ్య గారు. ఇంట్లో ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనికి మొదటిసారి ఒక పేరూ, ఒక ఫైలూ వచ్చినట్టు అనిపించి ఆ రోజు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డాను. మా ఫ్లోరులో బాత్రూములు కడిగే లచ్చమ్మ అయిదు లీటర్ల డబ్బాతో బయటికి వస్తోంది. కాపలా ఉండే ఓదెలు ఆపాడు.

"నీళ్ళు బయటికి పోవద్దు లచ్చమ్మా. పారబొయ్యి."

"ఒక్క డబ్బనే గద అన్నా. తాగనీకె."

"నేనేం జెయ్యాలె? రూల్ గట్లనే ఉంది. మేడమే రాసింది, అడుగు" అని నన్ను చూపించాడు.

లచ్చమ్మ నావైపు చూసింది. మూత తీసి డబ్బా వంచింది. వేడి సిమెంటు మీద ఆ నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి. ఆమె వెనక, లాన్ మీద నీళ్ళు చిమ్ముతూ స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. పోనివ్వు ఓదెలూ అని ఒక్క మాట అనొచ్చు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆ రాత్రి పాపకి అన్నం తినిపిస్తుంటే చెయ్యి ఆగిపోతూ ఉంది. ఒకరి రూళ్ళ కింద బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసుననే అనుకున్నాను అంతవరకూ. రూలు రాసినదాన్నై నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మర్నాడు భోజనాల వేళ, అక్కడ నీళ్ళ సంగతి చూద్దామని లచ్చమ్మ వెంట పక్కనే ఉన్న వాళ్ళ ఊళ్ళోకి వెళ్ళాను. బోరింగు దగ్గర పది బిందెలు వరసలో ఉన్నాయి. ఒకామె ఊగి ఊగి కొడుతోంటే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"నిరుడు ఎండల్ల గూడ వచ్చినయి మేడమ్. మీరు మూడు బోర్లు ఏసినంక ఎండింది. మీయి ఎన్ని ఫీట్లు?" అంది లచ్చమ్మ.

"ఏడు వందలు" అన్నాను.

"మాది నూటయాభై" అంది. కోపంగా అనలేదు.

వారం రోజులు మోటార్లు నడిచే గంటలు రాసుకున్నాను. లాన్‌కే రోజుకి ముప్పై అయిదు వేల లీటర్లు. సర్టిఫికెట్ కోసం, కంపెనీ వల్ల చుట్టుపక్కల ఏమేం జరుగుతోందో రాసే పట్టికలో చివరి వరుసగా అది చేర్చాను: మూడు బోర్లు, లాన్, ఎండిన బోరింగు.

సీతారామయ్య గారు ఆ వరుస మీద పెన్సిల్‌తో గీత గీశారు. "ఇది మన గేటు బయట సంగతమ్మా. క్లయింట్లు కారు దిగగానే చూసేది ఆ లాన్‌నే. నువ్వు నా కూతురిలాంటి దానివి కాబట్టి చెప్తున్నా. సర్టిఫికెట్ రానీ, పర్యావరణానికి వేరే హెడ్ పోస్టు పెడుతున్నారు. నీ పేరే చెప్పాను."

ఇంట్లో చెబితే మావారు టీవీ చూస్తూనే, "సంతకం పెట్టేసి రా. ఉద్యోగం ప్రశాంతంగా చేసుకుంటావనేగా ఒప్పుకున్నాం" అన్నారు. "ముందు ఇంటి సంగతి చూసుకుంటే ఊరి సంగతి తర్వాత" అన్నారు అత్తగారు లోపలి నుంచి. ఎవరు ఒప్పుకున్నారు, నేను ఎప్పుడు అడిగాను అని వెతుక్కున్నాను. ఇంట్లో నా పనులన్నీ ఎవరి పట్టికలోనూ లేని వరుసలే. అది తెలిసినదాన్నే, మర్నాడు పొద్దున్న ఆ వరుస తీసేసి, కొత్త కాగితం మీద సంతకం పెట్టాను. అలవాటైన పనిలానే ఉంది.

జూన్‌లో ఆడిట్, రెండు రోజులు. చెన్నై నుంచి వచ్చిన ఆడిటరుది నెల్లూరట, తెలుగులోనే మాట్లాడారు. మొదటి రోజు పట్టిక తిరగేస్తూ, "ఇంతేనా అమ్మా, ఇంకేమైనా ఉన్నాయా?" అని నన్నే అడిగారు. "అంతేనండి, మా బాల ఏదీ వదల్దు" అన్నారు సీతారామయ్య గారు. నేను బల్ల మీది నీళ్ళ సీసా వైపు చూస్తూ కూర్చున్నాను.

రాత్రి భోజనం దగ్గర ఆడిట్ ఎలా జరిగిందని మావారు అడిగితే ఇది చెప్పాను. "మంచి పని చేశావు. పెద్దాయన ఉండగా నువ్వెందుకు మాట్లాడాలి? నోరు విప్పకుండా ఉండటం నీకు బాగా వచ్చు. అదే నీలో గొప్ప గుణం" అన్నారు. నిజంగానే మెచ్చుకున్నారు. ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను అంత ప్రేమగా చూడటం నాలుగైదు సార్లే జరిగి ఉంటుంది. ఆ చూపు కింద కూర్చోలేక నా కంచం తీసుకుని లేచాను.

రెండో రోజు చివరి మీటింగు. సర్టిఫికెట్‌కి సిఫారసు చేస్తున్నానని చెప్పే ముందు ఆడిటరు మాటవరసకి, "ఎవరైనా చెప్పాల్సింది ఉందా?" అన్నారు.

"ఉందండి" అన్నాను. "పట్టిక మీద సంతకం నాదే. కానీ అది పూర్తి పట్టిక కాదు. ఒక వరుస తీసేసి సంతకం పెట్టాను."

"కూర్చోమ్మా" అన్నారు సీతారామయ్య గారు, నెమ్మదిగానే. తర్వాత ఆడిటరుతో, "పాపం ఇల్లూ ఆఫీసూ చూసుకుని అలిసిపోయింది" అన్నారు.

"ఏముంది ఆ వరుసలో?" అన్నారు ఆడిటరు.

"నడిచి పది నిమిషాలండి. వస్తే చూపిస్తాను."

ఆయన వచ్చారు. బోరింగు తనే కొట్టి చూశారు. లచ్చమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

సర్టిఫికెట్ అయిదు నెలలు ఆగింది. సగం లాన్ తీసేసి, గోడ బయట ఊరికి ఒక కుళాయి పెట్టాక వచ్చింది. గేటు రూలు నేనే కొట్టేశాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. హెడ్ పోస్టు రోహిత్‌కి ఇచ్చారు. అతనికి కావలసిన కాగితాలన్నీ నేనే రాసి పెట్టాలి. సీతారామయ్య గారు నన్ను అమ్మా అని పిలవడం మానేశారు. ఇంట్లో పొద్దున్న అయిదున్నర మారలేదు, బిందెలు మారలేదు.

ఆడిట్ సంగతి మావారికి ఎవరో చెప్పారు. వారం రోజులు అన్నం అత్తగారి చేతే వడ్డించుకున్నారు. ఎనిమిదో రోజు, అత్తగారు వింటూ ఉండగా, పేపరు పక్కన పెట్టి అడిగారు.

"అసలు ఎవరిని అడిగి చేశావు?"

పూర్వమైతే ఈ ప్రశ్నకి తల దించుకుని ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని.

"ఎవరినీ అడగలేదండి" అన్నాను.