దేముడు చేసిన పరమాణువు

నేను ఒక అంకుడు కర్ర బంతిని. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో, లేతు మిషను మీద పుట్టాను. నన్ను చేసినవాడి పేరు దేముడు. అతిశయోక్తి కాదు, ఆయనకు పెద్దలు పెట్టిన పేరే అది.

నన్ను పురమాయించింది హైస్కూల్లో సైన్సు చెప్పే భ్రమరాంబ టీచరు. "ఎక్కడా అతుకు ఉండకూడదు దేముడూ. ఇది పరమాణువు. లోకంలో ప్రతి వస్తువూ వీటితోనే తయారయింది. కంటికి మాత్రం ఆనదు," అన్నారు.

"ఎవలూ సూడని దానికి బొమ్మ సెయ్యమంటారేటమ్మా!" అని నవ్వుతూనే దేముడు నాకు ఎర్రలక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టాడు.

పదో తరగతి బల్ల మీద రెండు రోజులు మహారాజులా కూర్చున్నాను. "పరమాణువు గట్టి బంతిలాంటిది, దాన్ని ముక్కలు చెయ్యలేమని డాల్టన్ చెప్పాడు," అని టీచరు నన్ను ఎత్తి చూపిస్తుంటే ఉబ్బిపోయాను. మూడో రోజు ఆ ఉబ్బు దిగింది. అదే తరగతిలో ఉన్న దేముడి కూతురు నూకరత్నానికి నన్ను అప్పగించి, "మీ నాన్నతో దీనికి గుంటలు పెట్టించి నల్లపూసలు అతికించుకురా. లోపల ఎలక్ట్రాన్లు ఉన్నాయని థామ్సన్ కనిపెట్టాడు," అన్నారు. అలా నేను గింజలున్న పుచ్చకాయనయ్యాను.

వారం తిరక్కుండా మళ్ళీ కబురు. ఈసారి నన్ను రెండు చిప్పలుగా కోసి, లోపల డొల్ల చెయ్యాలట.

దేముడికి చిర్రెత్తింది. పదితో కూతురి చదువు ఆపించి లక్కపనిలో కూర్చోబెట్టాలని ఆయనకు అప్పటికే మనసులో ఉంది. "వారానికో మాట మారే సదువుకి కాలేజీ కూడా ఎందుకే? ఇంతటితో ఆపీ."

నూకరత్నం ముఖం కందిపోయింది. అయినా మాట తడబడలేదు. "ఊరికే మార్చలేదు నాన్నా. రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త పలచటి బంగారు రేకు మీదికి రేణువుల్ని కొట్టి చూశారు. దాదాపు అన్నీ అవతలికి దూసుకుపోయాయి. ఎక్కడో ఒకటి మాత్రం వెనక్కి తన్నింది. పుచ్చకాయలాంటిదైతే అలా తన్నదు కదా?"

దేముడి చేతిలో ఉలి ఆగింది.

"అయితే లోపల కణుపుంది," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"కర్రలో కణుపు పైకి అవుపడదే. ఉలి ఎగదన్నితే తెలిసిపోద్ది. ఎక్కడుందో, ఎంతుందో కూడా సెప్పీగలను."

"రూథర్‌ఫర్డ్ చెప్పింది అదే నాన్నా!"

"ఆయనా వడ్రంగేటి?"

నూకరత్నం పకపకా నవ్వింది. దేముడు నవ్వలేదు. "ఎంతుంటాది ఆ కణుపు?"

"పరమాణువు మన బడి మైదానమంత అనుకో, అది ఆవగింజంత."

"మిగతాదంతా?"

"ఖాళీయే. ఎలక్ట్రాన్లు అందులోనే తిరుగుతాయట."

దేముడు తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ పనితో కాయలు కాసిన చెయ్యి అది. అందులోనూ అంత ఖాళీ ఉందా అన్నట్టు వేలితో నొక్కి చూశాడు. తర్వాత నన్ను కోశాడు. నొప్పి పుట్టలేదని బొంకను. కానీ నా లోపలేముందో చూడాలని నాకూ ఆత్రంగానే ఉంది.

బోర్ పాఠం వచ్చినప్పుడు రాగితీగలు చుట్టి ఎలక్ట్రాన్లకు దారులు పెట్టింది దేముడే. ఆ వేసవిలో నూకరత్నం నర్సీపట్నం కాలేజీ దరఖాస్తు మీద వేలిముద్ర వేసిందీ ఆయనే.

రెండేళ్ళు గడిచాయి. బడి బీరువాలో, పగిలిన అద్దాల పక్కన నేను దుమ్ము పట్టి ఉండగా ఒక మధ్యాహ్నం దేముడు వచ్చాడు. "టీచరమ్మా, దారులంటూ లేవంటోంది మా పిల్ల. ఎలక్ట్రాను ఎక్కడుండొచ్చో సెప్పగలం గానీ, ఇక్కడే ఉందని సెప్పలేమంట. తీగలు పీకీమంటారా?"

"ఉండనీ. మనిషి ఏ మెట్టు దగ్గర ఏమనుకున్నాడో పిల్లలకు తెలియాలి కదా."

దేముడు తలూపాడు గానీ వెళ్ళలేదు. నా చిప్పలు విప్పి లోపలికి తొంగి చూశాడు.

"మరి ఆ కణుపులో ఏటుందమ్మా?"

భ్రమరాంబ టీచరు కుర్చీ లాగి ఆయన ముందు వేశారు. దేముడు కూర్చున్నాడు. బడి వదిలే గంట మోగింది. ఆయన లేవలేదు.