ఆ శబ్దం పోయాక

"పొడిగుడ్డతోనే తుడువు. తడి తగిలితే పాడైపోద్ది," అన్నారు మా ఆయన ఫణీంద్ర, రొయ్యల చెరువుల దగ్గరికి బయల్దేరుతూ. తుడవమన్నది హాల్లో చెక్క బీరువా మీద పెట్టిన కొత్త టర్న్‌టేబుల్‌ని. మా అత్తయ్యగారు సూర్యావతిగారు దాన్ని ఇప్పటికీ గ్రామఫోనే అంటారు. స్టీలు ఒళ్లు, పైన అద్దం మూత, రికార్డు మీద వాలే సన్నటి సూది. భీమవరంలో ఇంకెవరింట్లోనూ ఇలాంటిది లేదని ఆయన వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. వాళ్లకి కాఫీలూ రొయ్యల వేపుడూ అందించేది, వెళ్లాక దాని మీద పడ్డ వేలిముద్రలు తుడిచేది నేను.

తెచ్చిన కొత్తలో అది గుయ్యిమని మూలిగేది. పాట నడుస్తున్నంతసేపూ అడుగున ఆ మూలుగు వినపడుతూనే ఉండేది. స్నేహితుల ముందు పరువు పోతోందని ఆయన కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. వాళ్లు బెల్టు సరిచూడమన్నారు, సూది మార్చమన్నారు, వేరే గదిలో పెట్టి చూడమన్నారు. ఆయన ఫోను చెవికి ఆనించుకుని చెబుతుంటే వంగి ఎత్తిందీ, జరిపిందీ నేనే. ఒకసారి నేను రామచంద్రపురంలో మా అక్కావాళ్లింటికి వెళ్లొచ్చేసరికి ఆ శబ్దం లేదు. "మొత్తానికి బాగుచేశాను," అన్నారు. ఎలా చేశారని నేను అడగలేదు. "బీరువా వెనక వైర్లు మాత్రం ముట్టుకోకు, మళ్లీ మొదలవుద్ది," అన్నారు. ముట్టుకోలేదు.

మర్నాడు హాలు తుడిచి, నేల ఆరకముందే దాని మీద చెయ్యి వేశాను. వేళ్ల చివర్ల నుంచి మోచేతి దాకా జివ్వుమంది. చేతిలో గుడ్డ ఎక్కడ పడిందో తెలియలేదు. సాయంత్రం చెబితే ఆయన తన అరచెయ్యి దాని మీద ఆనించి, తీయకుండా నాకేసి చూసి నవ్వారు. "ఏదీ, నాకేం కాలేదే? ఏమీ లేదు, ఇంద్రజా. నీ భయమే."

మా ఇళ్లలో కోడళ్లని కూడా మీరనే పిలుస్తారు. ఎవరూ గొంతు పెంచరు. అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు నా చేతికిస్తూ, "నీరసమండి. రక్తం తక్కువైతే నరాలు అలాగే లాగేస్తాయి. మా తోటికోడలికీ ఇంతే," అన్నారు. అంత మర్యాదగా చెప్పినదాన్ని కాదనడానికి ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఆ వారమే ఆయన స్నేహితుడైన డాక్టరు నరాలకని మాత్రలు రాశారు. వేసుకున్నాను. వేసుకున్నా జివ్వుమంటూనే ఉంది. ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. రోజూ వచ్చినా బాగుండేది. రానిరోజున నన్ను నేను నమ్మలేకపోయేదాన్ని. ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఆగేదాన్ని, కుళాయి తిప్పబోయి ఆగేదాన్ని. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్నారని తెలిసి గబుక్కున తిప్పేసేదాన్ని. మా పెద్దమ్మ ఒకావిడ చివరి రోజుల్లో గిన్నెలు ముట్టుకోవడానికి భయపడేది. ఆవిడని వెనకగదిలో ఉంచేవారు. పొద్దున్నే ఆ గుడ్డ చేతిలోకి తీసుకోగానే ఆవిడ ముఖమే గుర్తొచ్చేది. కరెంటుకి భయపడుతున్నానో, నాకు నేను భయపడుతున్నానో తేల్చుకోలేకపోయాను. ఆయనకి చెప్పడం మానేశాను. తుడవడం మాత్రం మానలేదు.

మొన్న శనివారం అత్తయ్యగారు పెళ్లికని ఊరెళ్లారు. నేను వంటింట్లో పులుసు మరిగిస్తున్నాను. మా అమ్మాయి శ్రీసత్య తలంటుకుని, తడి కాళ్లతోనే హాల్లోకి పరిగెత్తింది, రికార్డు పెట్టుకుంటానని. ఒక కేక వినపడింది. వెళ్లేసరికి నేల మీద కూలబడి ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటోంది, అది తనది కానట్టు.

"అమ్మా, అది నన్ను పట్టుకుంది."

పిల్లని ఒళ్లోకి లాక్కున్నాను. వణుకుతోంది. దాని తడిజుట్టు నా జాకెట్టుకి అంటుకుపోయింది. అంత భయంలోనూ నా లోపల మొదట కలిగింది ఏమిటో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. హమ్మయ్య, నాకు పిచ్చి లేదు, అనిపించింది. నా కూతురికి షాక్ కొడితే నాకు నిమ్మళం కలిగింది. ఇంట్లోవాళ్లు నన్ను ఎక్కడి దాకా తీసుకొచ్చారో అప్పుడు తెలిసింది.

మెయిన్ స్విచ్ కట్టేశాను. పిల్లని మంచం మీద కూర్చోబెట్టి, చెయ్యి తడుముతూ, మూత మీద అంటించి ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించారు. తర్వాత ఒకతను ఎత్తాడు.

"సార్ ఉన్నారా మేడం?"

"లేరండి. నాతో చెప్పండి. ముట్టుకుంటే షాక్ కొడుతోంది."

"సార్ పేరు మీదుందండి. సార్‌తో చేయించండి," అని పెట్టేశాడు.

మళ్లీ చేశాను. ఈసారి ఎత్తినతను కూడా సారే కావాలన్నాడు. ఇంకోసారి చేస్తే ఒకమ్మాయి పలికింది. కాకినాడ వైపు పిల్లలా ఉంది మాట. నేను చెప్పింది విని కాసేపు ఏదో చూసుకుంది.

"ఆ కంప్లయింటు క్లోజ్ అయిపోయిందండి. షాక్ గురించి సార్ ఎప్పుడో చెప్పారు కదా."

"ఏం చెప్పారు?"

"గుయ్యిమంటోందని ముందు చెప్పారండి. ప్లగ్గుకి మూడో పిన్ను తీయించేశాను, శబ్దం పోయింది కానీ ముట్టుకుంటే జిల్లుమంటోంది అన్నారు. అది ఎర్తింగు పిన్నండి, తీస్తే ప్రమాదం, అలా వాడొద్దని మావాళ్లు చెప్పారు. పర్వాలేదు, నేను చెప్పులేసుకునే ముట్టుకుంటాను, క్లోజ్ చేసెయ్యండి అన్నారట. ఫైవ్ స్టార్ రేటింగు కూడా ఇచ్చారండి."

ఫోను పెట్టేసి బీరువా ముందుకి జరిపాను. రెండు పిన్నుల ప్లగ్గు. మూడోది ఉండాల్సిన చోట నున్నగా కోసేసి ఉంది.

ఆయన మధ్యాహ్నం భోజనానికొచ్చారు. "కరెంటు పోయిందా?"

"నేనే తీశాను. మూడో పిన్ను మీరు తీయించారా?"

అబద్ధం చెబుతారనుకున్నాను. చెప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తీయించాను. శబ్దం పోవాలంటే అంతకన్నా దారి లేదు. ఎర్తింగు మళ్లీ చేయించాలంటే గోడంతా పగలగొట్టాలి. చిన్న జిల్లుమనడమేగా."

"తుడిచేది నేనని మీకు తెలుసు."

"చెబితే ఇంకా భయపడతావని చెప్పలేదు."

"చెయ్యి పెట్టి చూపించారు కదా నాకు."

"అప్పుడు నా కాళ్లకి చెప్పులున్నాయి."

ఆ గొంతులో తప్పు చేసిన జాడ లేదు. లెక్క సరిపోయిందన్నట్టు చెప్పారు. శ్రీసత్యకి షాక్ కొట్టిందని చెప్పాను. పిల్లని పిలిచి, అరచెయ్యి తిప్పి చూసి, తల నిమిరారు. "ఏమీ లేదు," అన్నారు. "వడ్డించు, ఆకలేస్తోంది."

వడ్డించలేదు. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. 'ఏమీ లేదు' అన్న ఆ రెండు మాటలు ఇదే నెమ్మదైన గొంతుతో ఇంకెప్పుడు విన్నానో గుర్తొచ్చింది. పోయిన వేసవిలో స్నానం చేస్తుంటే ఎడమ చంక కింద చేతికి గడ్డలా తగిలింది. ఆ రాత్రి ఆయనకి చెప్పాను. వేళ్లతో నొక్కి చూశారు. "ఏమీ లేదు, ఇంద్రజా. నీకన్నీ భయాలే," అన్నారు. నమ్మాను. తర్వాత అటు చెయ్యి వెళ్లకుండా సబ్బు రాసుకోవడం నేర్చుకున్నాను.

గరిటె కింద పెట్టాను. చీర మార్చుకున్నాను. శ్రీసత్యని చెప్పులు వేసుకోమన్నాను.

"ఎక్కడికి, ఈ ఎండలో?" అన్నారు ఆయన, గుమ్మం దాకా వచ్చి.

"ఆసుపత్రికి."

"పిల్ల బానే ఉందిగా."

"దాని చెయ్యి చూపిస్తాను. నేనూ చూపించుకోవాలి."

"నీకేమైంది?"

పెళ్లయ్యాక ఎప్పుడూ అంత భయపడలేదు. "ఏమైందో నాకు తెలియదండి," అన్నాను. "మీకు తెలిసినా చెప్పరు."